ఎనిమిదో భాగం మొదటి అక్షరం

పోయినవారం మనం ఎర్రకలాన్ని విడిచి వచ్చినప్పుడు ఆమె తన బల్ల మీద తెల్లకాగితం పరుచుకుని, దాని మీద కలం మొన ఆనించి, ఒక్క చుక్కయినా పెట్టలేక కూర్చుని ఉన్నది. ఇప్పటికీ అలాగే ఉన్నది. మధ్యలో ఇంటికి వెళ్ళివచ్చింది, తిన్నది, నిద్రపోయింది. అవన్నీ మరెవరో చేస్తుండగా తాను పక్కన నిలబడి చూసినట్టే గడిచిపోయాయి.

జరిగిన కథను ఒక్కసారి తలచుకుందాం. ఆ వారపత్రికలో ఇరవైరెండేళ్ళుగా అచ్చుతప్పులు దిద్దుతున్న ఆమెకు కార్యాలయం పెట్టుకున్న పేరు ఎర్రకలం. ఆమె అక్క ఆ పత్రికకే ‘వెయ్యేళ్ళ నావ’ అనే ధారావాహిక రాసేది. ఒక నక్షత్రం నుంచి మరొక నక్షత్రానికి నాలుగువందల కుటుంబాలతో బయలుదేరిన అంతరిక్షనౌక. దానిని నడిపే సరంగు ఒకనాడు, లోపలినుంచి గడియ వేసిన గవాక్షపు గదిలో, కొలువు దుస్తులు తొడుక్కుని, చుక్కల వైపు ముఖం పెట్టి, కుర్చీలోనే చనిపోయి కనిపిస్తాడు. చంపింది ఎవరు? వైద్యుడా, తోటమాలా, చివరిసారిగా మందు పట్టుకువెళ్ళిన దాదియా? పదిహేడు వారాలుగా పాఠకులకు ఇదే చర్చ. కథ మొత్తం పంతొమ్మిది భాగాలని మొదటివారమే ప్రకటించారు. పదిహేడు భాగాలు ముందుగానే రాసి ఇచ్చిన అక్క, మూడువారాల క్రితం ఒక ఉదయం గుండె ఆగి వెళ్ళిపోయింది. మిగిలిన రెండు భాగాలు ఇంట్లో ఎక్కడ వెతికినా దొరకలేదు.

“కథ పూర్తయ్యేదాకా పాఠకులకు ఈ సంగతి తెలియనివ్వవద్దమ్మా. అది మీ అక్కగారి కోరిక,” అన్నాడు సంపాదకుడు. సరేనన్నది. “మిగతా రెండూ నువ్వే రాయాలి. ఆవిడ రాసే తీరు నీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు,” అన్నాడు. దానికీ సరేనన్నది. ఈ మూడువారాలలో ఆమె నోట అంతకంటె తరచుగా వచ్చిన మాట మరొకటి లేదు.

పద్దెనిమిదో భాగం ఈ మధ్యాహ్నం మూడుగంటలకు అచ్చుకు వెళ్ళాలి. ఇప్పుడు సమయం పది.

“ఏమే ఎర్రకలం, ఇవాళ రెండు సంచులు!” అంటూ వచ్చింది ఉత్తరాలత్త. పాఠకుల ఉత్తరాలు విప్పి, చదివి, వేరుచేసే ఉద్యోగం ఆవిడది. పత్రికలో అందరికీ అత్తే. సంపాదకుడు సైతం ఆవిడను పేరు పెట్టి పిలవగా విన్నవారు లేరు. సంచులను బల్ల మీద బోర్లించి, కళ్ళద్దాలు ముక్కు కొసకు దించుకున్నది. “నువ్వు రాసుకో, నేను చదువుతుంటాను. వినాలనుంటే విను, లేకపోతే గోడకు చెబుతున్నాననుకుంటాను.”

“చదువు అత్తా.”

ఎర్రకలానికి నిజంగానే వినవలసిన అవసరం ఉన్నది. నిన్న సాయంత్రం ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. హంతకుడు ఎవరో అక్క చెప్పి వెళ్ళలేదు. తనకు తోచడం లేదు. కనుక ఎక్కువమంది పాఠకులు ఎవరిని అనుమానిస్తే వారినే హంతకులను చేస్తుంది. ఎవరైతేనేం? ఎవరో ఒకరు కావాలి, కథ ముగియాలి, మూడుగంటలకు కాగితాలు కింది అంతస్తులోని అచ్చుయంత్రానికి చేరాలి. ఆమె కాగితం మీద మూడు గళ్ళు గీసి వైద్యుడు, తోటమాలి, దాది అని రాసుకున్నది.

“ఇదిగో, ఒక భూగోళం పంతులుగారు,” అని అందుకున్నది అత్త. “‘నావలో బరువే ఉండదని మూడో భాగంలో రాసి, తొమ్మిదో భాగంలో తోటమాలి కాలు జారి పడ్డాడని రాయడం ఏ విధంగా సమంజసం? బరువు లేనివాడు పడడమేమిటి? మా విద్యార్థుల ముందు నేను తలెత్తుకోలేకపోతున్నాను.’ ఈయన తల ఎందుకు దించుకున్నాడే, రాసింది ఈయనా?”

“హంతకుడు ఎవరంటాడు?”

“తోటమాలే అంటాడు. పడినట్టు నటించాడట.”

తోటమాలి గడిలో ఒక గీత పడింది.

“ఇది ఒక నర్సమ్మ. ‘దాదిని అనుమానించేవాళ్ళు మా డ్యూటీ ఒక్కరోజు చేసి చూడాలి. రోగికి మందివ్వడానికే తీరిక ఉండదు, విషం కలిపే తీరిక ఎక్కడిది?’ న్యాయమే చెప్పింది. ఇది భార్యాభర్తలు కలిసి రాసిన ఉత్తరం. కలిసి అంటే ఏమిటి, పైసగం ఆవిడ, కిందిసగం ఆయన, మధ్యలో అడ్డంగా ఒక గీత! ఆవిడ దాది అంటుంది, ఆయన వైద్యుడంటాడు. ‘మీరు తేల్చేవరకు మా ఇంట్లో మాటల్లేవు, దయచేసి త్వరపడండి’ అని మాత్రం ఇద్దరూ సంతకం పెట్టారు.”

అత్త నవ్వింది. నవ్వుతూనే ఓరగా ఎర్రకలం ముఖం చూసింది. అక్కడ ఏమీ కనిపించలేదు. అద్దం తీసేసిన చట్రంలా ఉన్నది ఆ ముఖం. అత్త గొంతు సవరించుకుని మరొకటి తీసింది.

“‘మూడు వారాలుగా రచన చప్పబడింది. రచయిత్రిగారికి ఒంట్లో బాగులేదా?’...” అత్త ఆ కాగితాన్ని మడిచేసింది. “వీడెవడో... వీడి మొహం. దీన్ని పక్కన పెడదాం.”

“హంతకుడు ఎవరన్నాడు అత్తా?”

“దాది.”

గీత పడింది.

“ఇది చిన్నదే. ‘సరంగు చనిపోయి పదిహేడు వారాలైంది. శవాన్ని ఇంకా ఒక చల్లని గదిలోనే పడుకోబెట్టి ఉంచారు. ఎవరు చంపారన్న గొడవలో ఆ మనిషి కోసం ఏడ్చినవాళ్ళు నావలో ఒక్కరూ కనిపించలేదు. ముందు ఎవరో ఒకరిచేత ఏడిపించండి, తరువాత హంతకుణ్ణి పట్టుకోవచ్చు.’”

ఆ ఉత్తరాన్ని చదివాక అత్త దాన్ని మిగతావాటిలో కలపకుండా విడిగా పెట్టుకున్నది. ఎర్రకలం ఎదురుచూసింది. “ఇందులో ఎవరి పేరూ లేదా?”

“లేదు తల్లీ.”

“అయితే లెక్కలోకి రాదు.”

ఒంటిగంట అయ్యేసరికి దాది గడి నిండిపోయింది. తొంభైనాలుగు. ఎర్రకలం గళ్ళ కాగితాన్ని పక్కకు జరిపి, తెల్లకాగితం మీద ‘దాది’ అన్న మాటతో మొదటి వాక్యం ప్రారంభించింది. ఆ క్షణంలోనే గుమ్మం దగ్గర అలికిడి అయింది.

రంగుమరకల చొక్కా తొడుక్కున్న ఒక పెద్దమనిషి, చంకలో చాపచుట్టంత కాగితం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. “‘వెయ్యేళ్ళ నావ’ రచయిత్రిగారిని కలవాలండీ. రెండే నిమిషాలు.”

“ఆవిడ ఇక్కడ ఉండరు బాబూ,” అన్నది అత్త తొందరగా.

“ఎప్పుడు వస్తారు?”

ఎర్రకలమే తల ఎత్తి, “రారు. ఏమైనా ఉంటే ఇచ్చి వెళ్ళండి,” అన్నది.

“ఇచ్చేది కాదమ్మా, చూపించేది. పోనీ, ఈ పత్రికలో అక్షరాలు చూసేదెవరు?”

అత్త చూపుడువేలు ఎర్రకలం వైపు తిరిగింది.

“అయితే మీతోనే పని!” అంటూ ఆయన లోపలికి వచ్చి, ఉత్తరాలన్నిటినీ మోచేత్తో ఒక పక్కకు నెట్టి, చుట్ట విప్పి బల్ల పొడుగునా పరిచాడు. “నేను బోర్డులు రాసే పెయింటర్‌నండీ. ముప్పై ఏళ్ళుగా షాపులకు, ఆస్పత్రులకు, బళ్ళకు రాస్తున్నాను. మీ పత్రికలో ప్రతి భాగానికీ మొదటి అక్షరం పెద్దగా, మూడు వరుసల ఎత్తున వేస్తారు చూడండి, ఆ అక్షరాల కుదురంటే నాకు పిచ్చి. వారం వారం కత్తిరించి గోడకు అంటించుకుంటాను, చూసి రాసుకోవడానికి. కథ చదివేది మా ఆవిడ. మొన్న మా ఆవిడ గోడ ముందు నిలబడి, ‘ఏమయ్యా, అంతా తెలిసినవాడివి, నాకు చెప్పకుండా పదిహేడు వారాలు తిప్పించావేం’ అని నా మీదకు వచ్చింది. ఏం తెలుసే నాకు అంటే, ‘గోడ మీద రాసిపెట్టావుగా’ అంది. అప్పుడు చూశానమ్మా!”

ఎర్రకలం చూసింది. పదిహేడు పెద్ద అక్షరాలు, కత్తిరించి, వరుసగా అంటించినవి. చివర రెండు ఖాళీ గళ్ళు పెన్సిల్‌తో గీసి ఉన్నాయి.

స. రం. గు. కు. త. న. చా. ఉ. ముం. దే. తె. లు. సు. దా. చి. న. ది.

“సరంగుకు తన చావు ముందే తెలుసు,” అని అత్త కూడబలుక్కుని చదివి, నోటికి చేయి అడ్డం పెట్టుకున్నది. “అమ్మమ్మ! అందుకేనా పన్నెండో భాగం ‘లుంగలు చుట్టుకుపోయి’ అని మొదలుపెట్టింది! అదేం మొదలే తల్లీ అని నేను నవ్వితే, లు తో ఇంకేం దొరుకుతాయి అత్తా అంది. ఆవిడ మాట నాకప్పుడు అర్థం కాలేదు.”

“అంతా కుదిరింది గానీ ఒక్కటి కుదరలేదండీ,” అన్నాడు పెయింటర్. బంకమరకల వేలు ఎనిమిదో అక్షరం మీద ఆనింది. “చాఉ. ఇలాంటి మాట నేనెక్కడా రాయలేదు. ఇది ‘వు’ కదా ఉండాలి? మీవాళ్ళెవరో తప్పు వేశారమ్మా.”

“తప్పు కాదు,” అన్నది ఎర్రకలం. ఆ జవాబు ఆమె చెప్పినది కాదు. ఇరవైరెండేళ్ళ అలవాటు చెప్పించినది. “తెలుగు మాటకు వు, వూ, వొ, వో మొదట రావు. వున్నట్టుండి అని రాయకూడదు. ఉన్నట్టుండి అనే రాయాలి.”

“మాటకు మొదట రాదేమోనండీ. ఇది మొదలు కాదుగా,” అన్నాడు పెయింటర్ అమాయకంగా. “చావుకు ఇది చివర.”

కింది అంతస్తులో అచ్చుయంత్రం ఒకటి ఆగింది. అది ఆగిన తరువాతగాని, అంతవరకు మోగుతున్న సంగతి ఆమెకు తెలియలేదు.

ఎర్రకలం లేచి, గోడ అల్మరా తెరిచి, కట్టలలోంచి ఎనిమిదో భాగం రాతప్రతి తీసింది. మొదటి పుట పైభాగాన అక్క చేతిరాత. మామూలుగా పిచ్చుకకాళ్ళ వంటి ఆ రాతలో మొదటి ‘వు’ ఒక్కటి మాత్రం రెండుసార్లు దిద్దినట్టు దట్టంగా ఉన్నది. దాని మీద అడ్డంగా తన ఎర్రగీత. పక్కన, తన చక్కని చేతిరాతలో ‘ఉ’.

ఆనాడు అక్క ఫోన్ చేసింది. ప్రూఫు చూసుకున్నదట.

“ఒక్కదాన్ని వదిలెయ్యవే. ఒక్కసారికి.”

“తప్పు తప్పే అక్కా. నాన్న ఉంటే ఏమనేవారు?”

“నాన్న ఉంటే నిన్ను మెచ్చుకునేవారు, నన్ను తిట్టేవారు. ఎప్పుడూ అంతేగా. నాన్న లేరు, నేనున్నాను. నేను అడుగుతున్నాను.”

“ఎందుకో చెప్పు, వదిలేస్తాను.”

“చెప్పకూడదు. చెబితే పస ఉండదు.”

“అయితే వ్యాకరణమే ఉంటుంది.”

అవతల ఒక నిట్టూర్పు. “నువ్వు దిద్దని అక్షరం ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నాకు మిగలనివ్వవు కదే.”

ఫోన్ పెట్టేసింది. ఆ తరువాత ఆరువారాలపాటు అక్కాచెల్లెళ్ళ నడుమ నడిచినవి ముక్తసరి మాటలే. ‘కాగితాలు అందాయి.’ ‘సరే.’ ‘తిన్నావా?’ ‘ఆఁ.’ వ్యాకరణం గెలిచింది. ఏడోవారం మొదట్లో అక్క వెళ్ళిపోయింది.

ఇదంతా ఆమెకు గుర్తుకు వచ్చింది గానీ, ఎవరి జ్ఞాపకమో విన్నట్టే గుర్తుకు వచ్చింది. కన్ను చెమ్మగిల్లలేదు. రాతప్రతి పట్టుకున్న చేతివేళ్ళు మాత్రం మొద్దుబారిపోయి, కాగితం జారి కిందపడినా వంగి తీసుకోవాలని తోచలేదు. అత్త తీసి ఇచ్చింది.

“ఇంకో రెండు అక్షరాలున్నాయిగా అమ్మా,” పెయింటర్ ఉత్సాహం తగ్గలేదు. “ఎవరో కూడా చెప్పేస్తాను వినండి. ‘దాచినది’ అని వచ్చింది. అంటే ఆడమనిషి. మిగిలినవి రెండు అక్షరాలు. నావలో రెండు అక్షరాల ఆడమనిషి ఎవరు? దాది! సరంగుకు జబ్బని దాదికి తెలుసు, తెలిసీ దాచింది. చంపిందో లేదో తెలియదు గానీ, దాచినది దాది. కుదిరిందా?”

“కుదిరింది,” అన్నది అత్త గళ్ళ కాగితం వైపు చూస్తూ. “తొంభైఐదు.”

“ఈ చుట్ట మీ దగ్గరే ఉంచండి. రచయిత్రిగారికి చూపించండి. ఒకడు కనుక్కున్నాడని చెప్పండి, అంతే చాలు. నేనెన్నో అక్షరాలు రాశాను గానీ, అక్షరాన్ని ఇంత ఓపిగ్గా దాచిపెట్టిన మనిషిని చూడలేదు. ఆవిడ చల్లగా ఉండాలి.”

ఆయన వెళ్ళిపోయాడు.

ఎర్రకలం ఖాళీ గళ్ళ వైపు చూస్తూ నిలబడింది. ఇరవై భాగాలు చేయమని, లెక్క నిండుగా ఉంటుందని సంపాదకుడు ఎంత చెప్పినా అక్క వినలేదు. పంతొమ్మిదే అన్నది. పంతొమ్మిది ఎందుకో ఇప్పుడు తెలుస్తున్నది. మొదటి భాగం రాసేనాటికే చివరి అక్షరం దాకా అక్కకు తెలుసు. అంటే, సరంగుకు ముందే తెలుసునని మొదటినాడే అక్క రాసుకున్నది. సరంగుకు.

ఆ ఆలోచన అక్కడ ఒక్క అడుగు ఆగి, తరువాత తానే ముందుకు నడిచింది.

‘అది మీ అక్కగారి కోరిక’ అన్నాడు సంపాదకుడు. ఉన్నట్టుండి పోయిన మనిషి, పోయిన తరువాత ఏమి చేయాలో ఎప్పుడు కోరింది? మూడువారాల క్రితమే అడగవలసిన ప్రశ్న. సరేనన్న మాట దాని నోరు మూసేసింది.

ఆమె కూర్చుని, ‘దాది’తో మొదలైన కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, ఒక చీటీ తీసుకుని, జాగ్రత్తగా, ఎర్రసిరాతో కాక నల్లసిరాతో రాసింది. దానినీ, చుట్టనూ తీసుకుని సంపాదకుడి గదికి వెళ్ళింది.

గదిలో ఫైళ్ళు, పాతసంచికల బైండులు, చల్లారిన టీ. సంపాదకుడు అరవై దాటిన మనిషి. మాట్లాడే ముందు బల్ల మీది కాగితాలను సర్దుకోవడం ఆయన అలవాటు. ఆమెను చూసి సర్దడం మొదలుపెట్టాడు. “అయిందా అమ్మా పద్దెనిమిది?”

“కాలేదు. ముందు ఇది వేయండి.”

ఆయన చీటీ అందుకుని చదివాడు.

*సవరణ: ‘వెయ్యేళ్ళ నావ’ ఎనిమిదో భాగం మొదటి మాటను ‘ఉన్నట్టుండి’ అని కాక ‘వున్నట్టుండి’ అని చదువుకోగలరు. తప్పు రచయిత్రిది కాదు, దిద్దినవారిది.*

ఆయన చేతులు కాగితాలు సర్దడం మానివేశాయి. చీటీని మళ్ళీ చదివాడు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకోకుండా అలాగే పట్టుకున్నాడు.

“ఎవరైనా చెప్పారా?”

“ఒక పాఠకుడు కనుక్కున్నాడు. చావుకు అది చివర అన్నాడు.” ఆమె గొంతులో ఒడుదొడుకులు లేవు. “వేస్తారా?”

“ఇరవైరెండేళ్ళలో నీ తప్పుకు సవరణ వేయలేదమ్మా మనం.”

“తప్పు చేశానని ఎవరూ చెప్పలేదు. వేస్తారా సార్?”

ఆయన లేచాడు. కిటికీ పక్కనున్న ఇనుపబీరువా తాళం తీసి, అడుగు అర నుంచి ఒక లావుపాటి కవరు తెచ్చి, బల్ల మీద ఆమె వైపు జరిపాడు. దాని మీద ఉన్న చేతిరాతను ఆమె పోల్చుకోనక్కరలేదు.

“నువ్వు ఆ ‘వు’ తిరిగి పెట్టమని నీ అంతట నువ్వు అడిగితే ఇవ్వమన్నది. అడగకపోతే ఇవాళ మూడుగంటలకు, నీకు చూపకుండా, నన్నే కింద అచ్చుకు ఇచ్చేయమన్నది. నీ చేత రాయించమన్నదీ ఆవిడే. ‘రాయడానికి కూర్చుంటే దానికి మొదటినుంచి చదవక తప్పదు, చదివితే కనిపిస్తుంది’ అన్నది. ఈ మూడువారాలు నీ ముందు నేను...”

“అక్కకు ఎప్పటినుంచి తెలుసు?”

“పదినెలలు.”

“మీకు?”

“తొమ్మిది.”

“అత్తకు?”

“లేదమ్మా. ఒట్టు. నాకొక్కడికే చెప్పింది, పత్రిక ఆగిపోకూడదని. నీకు చెప్పమని ఎంతో బతిమాలాను. నవ్వేసింది. ‘దానికి చెబితే నా చావులో కూడా తప్పులు దిద్దుతుందండీ’ అన్నది.”

ఆ మాటకు ఎర్రకలం ముఖంలో ఏదో కదిలింది. నవ్వు కాదు, ఏడుపు కాదు. యతి తప్పిన పద్యపాదం దగ్గర చదివేవారి గొంతు తట్టుకున్నట్టు ఊపిరి ఒక్కసారి తట్టుకుని, మళ్ళీ నడిచింది.

“నిజమే,” అన్నది. “దిద్దేదాన్ని. ఆ డాక్టరు కాదు, ఈ డాక్టరు అనేదాన్ని. ఈ మందు ఎందుకు వేసుకోలేదనేదాన్ని. పదినెలలూ అదే పని చేసేదాన్ని.”

“నువ్వు అలా అనుకోవద్దు...”

“అనుకోవడం లేదు సార్. చెబుతున్నాను.”

ఆమె కవరు విప్పింది. లోపల రెండు భాగాలున్నాయి. మొదటిది విడికాగితాలు, పైన పద్దెనిమిది అని అంకె. రెండవది వేరొక చిన్నకవరులో అంటించి ఉన్నది. దాని మీద పంతొమ్మిది అంకె, అంకె కింద ఒక వాక్యం. ఆ వాక్యం ఎర్రసిరాతో ఉన్నది. అక్క జన్మలో ఎర్రసిరా ముట్టినది కాదు. ఆ కలం ఎక్కడ దొరికిందో, అలవాటు లేని చేతిలో ఎలా వణికిందో ఆ రాతలోనే కనిపిస్తున్నది: *దీన్ని దిద్దకు.*

పద్దెనిమిదో భాగం మొదటి కాగితాన్ని ఆమె వెలుతురుకు తిప్పి చదివింది. ‘నీటిచుక్క ఒకటి గవాక్షపు అద్దం లోపలివైపు నిలిచి ఉంది. అది బయటి చలికి పట్టిన చెమ్మ కాదని దాది ఒక్కతే పోల్చుకుంది. చనిపోయేముందు సరంగు ఏడ్చాడు.’

నావలో ఒక్కరయినా ఏడవాలని అడిగిన పాఠకుడు ఆమెకు జ్ఞాపకం వచ్చాడు. లెక్కలోకి రాని ఉత్తరం.

“నీ,” అన్నది మెల్లగా.

“ఏమిటమ్మా?”

ఆమె పెయింటర్ చుట్టను బల్ల మీద పరిచి, కలం తీసి, మొదటి ఖాళీ గడిలో ‘నీ’ అని రాసింది. సరంగుకు తన చావు ముందే తెలుసు. దాచినది నీ. ఇక మిగిలింది ఒక్క గడి.

“దాది కాదన్నమాట,” అన్నాడు సంపాదకుడు ముందుకు వంగి.

“కాదు. అందరమూ పొరబడ్డాం. దాచినది అంటే దాచిన మనిషి కావచ్చు, దాచిన వస్తువూ కావచ్చు. మన భాషలో ఆడమనిషికీ వస్తువుకూ ఒకటే మాట.” పాఠం చెబుతున్నట్టే ఉన్నది ఆమె గొంతు. నాన్న ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇలాగే చెప్పేవాడు. చెల్లెలు రాసుకునేది, అక్క కిటికీలోంచి చుక్కలు చూసేది. “ఇప్పుడు ఇది రెండే విధాల పూర్తవుతుంది సార్. దాచినది నీవే. లేకపోతే, దాచినది నీకే.”

సంపాదకుడు ఆ రెండు వాక్యాలను పెదవులతో పలికి చూసుకున్నాడు.

మొదటిది నేరారోపణ. తన చావు ముందే తెలిసిన మనిషి ఒక్క అక్షరంలో పెట్టి చెప్పుకున్నదాన్ని ఎర్రగీత కొట్టి కప్పివేసినది నీవే, లోకానికి తెలియకుండా దాచినది నీవే అని. రెండవది అందుకు పూర్తిగా వేరు. పదినెలలు లోకానికి చెప్పక దాచిపెట్టుకున్నది, ఈ పంతొమ్మిది వారాల కథ, దాని లోపలి మాట, అన్నీ నీకే అని. అక్షరమంటే నశించనిదని పెద్దలు చెప్పిన అర్థం. ఆ రెండు అర్థాలలో ఏది నశించకుండా నిలవాలో ఒక్క అక్షరం తేల్చవలసి ఉన్నది. వకారమా, కకారమా.

“నువ్వు దిద్దుతావని ఆవిడకు ముందు తెలియదుగా,” అన్నాడు సంపాదకుడు. ఆమెకు చెబుతున్నాడో, తనకు చెప్పుకుంటున్నాడో తెలియలేదు. “మొదటినాడే అంతా అనుకుని రాసింది. కాబట్టి నీవే అని ఎందుకు...”

“ఈ కవరు మీకు ఎప్పుడు ఇచ్చింది?”

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. “పద్దెనిమిది ముందే ఇచ్చింది. ఈ చిన్నకవరు మాత్రం... తరువాత. మీరిద్దరూ ఫోన్‌లో మాట పట్టింపు పడిన మర్నాడు వచ్చి, పాతది తీసుకుని, ఇది పెట్టి వెళ్ళింది. మార్చి రాశానన్నది.”

గోడగడియారం రెండు కొట్టింది. గుమ్మం దగ్గర అత్త వచ్చి నిలబడి ఉన్నది. ఎంతసేపయిందో తెలియదు. చేతిలో ఆ చిన్న ఉత్తరం, ఎవరి పేరూ లేనిది, అలాగే పట్టుకుని ఉన్నది.

“నేను విప్పనా తల్లీ?” అన్నది అత్త. “నేను చూసి చెబుతాను. నువ్వు చూడవద్దులే.”

“వద్దు అత్తా. అక్షరాలు చూసేది నేను.”

ఎర్రకలం చిన్నకవరు అంచు చింపింది. ఒకే కాగితం, నాలుగు మడతలుగా ఉన్నది. మూడువారాలుగా ఏ స్పర్శా తెలియని వేళ్ళకు ఆ కాగితం గరుకు తెలిసింది. మడత దగ్గర దాని అంచు చురుక్కుమని గుచ్చుకుంటే, ఆ నొప్పి తనదేనని తెలిసింది. కాగితాన్ని పైనుంచి కిందికి, ఒక్కొక్క మడతా విప్పసాగింది. మొదటి మడత కింద ఏమీ లేదు. రెండవ మడత అంచు కింద, పెద్దగా రాసిన మొదటి అక్షరపు పైభాగం కనిపించింది.

ఏత్వం. రెండు అక్షరాలకూ ఒకటే తలపాగా.

దాని కింది అక్షరాన్ని ఇంకా మడత కప్పి ఉన్నది. ఆమె బొటనవేలు ఆ మడత మీద ఆగింది. ఆ వేలి పక్కనే కాగితం మీద ఒక నీటిచుక్క పడింది. ఎక్కడినుంచి పడిందా అని ఆమె తల ఎత్తి పైకప్పు వైపు చూసింది.